దూరాన్వయం: ఒక గొడుగు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మొన్న శ్రావణంలో ఓ ఆదివారం రాత్రి మజ్జిగన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే ఫోను టింగుమంది. చూద్దును కదా, పద్యం! దాని కింద ఒక ప్రశ్న: "మాస్టారూ, గణాలు సరిపోయాయా?"

పంపిన అమ్మాయి మా మొగల్తూరులోనే టీచరు. ఒకప్పుడు నా తొమ్మిదో తరగతిలో ఆటవెలది రాయమంటే తేటగీతి రాసి మొట్టికాయ తిన్న మనిషి. "సరిపోయాయమ్మా, పడుకో" అని ఒక ముక్క రాసి ఊరుకోవచ్చు. కాని ముప్పయ్యారేళ్ళు పిల్లల చేత టీకా తాత్పర్యాలు వల్లె వేయించి రిటైరైనవాణ్ణి. వంట మానేసిన వంటవాడికి పెళ్ళిపందిరి కనబడ్డట్టయింది. పైగా పద్యంలో చెప్పిన సంగతికి నేను సాక్షిని. సాక్షినేమిటి, నాలుగో పాదంలో నేనూ ఉన్నాను.

మెదకు దగ్గర కొలిచెలమ వాడు, మన మల్లినాథ సూరి. కాళిదాసు కావ్యాలు మూడింటికి సంజీవని వ్యాఖ్య రాస్తూ ఒక ఒట్టు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయడట, అక్కర్లేనిది చెప్పడట. మహానుభావుడు, నిలబెట్టుకున్నాడు. నాకంత నిగ్రహం లేదు. మూలంలో లేనివి కొన్ని చెబుతాను, అక్కర్లేనివి చాలా చెబుతాను. ఒక్క చోట మాత్రం ఆయన ఒట్టు పాటిస్తాను. అదెక్కడో అక్కడికి వచ్చినప్పుడు చూసుకుందాం.

శాస్త్రగ్రంథానికి మొదట అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: పెళ్ళయి ఆరేళ్ళయిన దంపతులు, ఆవిడ మొగల్తూరులో, ఆయన హైదరాబాదులో, మధ్యలో ఒక శని ఆదివారాలు. సంబంధం: రైల్వే శాఖ కలిపినది. ప్రయోజనం: నాకు కాలక్షేపం. అధికారి, అంటే ఇది చదవడానికి అర్హుడు: తత్కాల్ టికెట్టు కోసం పొద్దున పది కొట్టేసరికి ఫోను పట్టుకుని కూర్చున్న ప్రతివాడూ.

మూలం

వాన ముసురు పట్టె, వచ్చె మగడు, రైలు
దిగెను గొడుగు మరచి తెల్లవార;
కడలి చూడఁబోయి కనిరి మేఘములనే;
మిత్రగణము నడుమ మిగిలె గొడుగు.

పాఠ నిర్ణయం

మూడో పాదంలో అరసున్న నేను పెట్టినది. ఫోనులో అరసున్న ఎక్కడుందో వెతికే ఓపిక లేక అమ్మాయి "చూడబోయి" అని పంపింది. చూడన్ మీద పోయి వచ్చి సరళాదేశమైంది కాబట్టి అరసున్న ఉండి తీరాలి. ఉన్నా లేకపోయినా సముద్రం కనపడలేదనుకోండి, అది వేరే సంగతి.

రెండో పాదానికి నాయకుడు ఒక పాఠాంతరం ప్రతిపాదించాడు. "గొడుగు మరచి" కాదట, "గొడుగు మరచిరి" అని ఉండాలట. ఫోనులో గుర్తు చెయ్యని దోషం ఆవిడది కూడా కనుక బహువచనం న్యాయమని వాదన. పరిశీలించాను. "మరచిరి" అంటే నాలుగు లఘువులు. సూర్యగణం అంటే మూడు లఘువులైనా ఉండాలి, గురువూ లఘువూ అయినా ఉండాలి. నాలుగు కుదరవు. ఛందస్సు భార్య పక్షాన ఉంది. అప్పీలు లేదు.

నాలుగో పాదంలో "తడిసె గొడుగు" అని మా రొయ్యల చెరువు మిత్రుడు చదువుతున్నాడు. "మి"కి "త"తో యతి చెల్లదు. అదీగాక అది లోకానుభవానికి విరుద్ధం. ఆ వేళ తడవనిది గొడుగు కింది భాగం ఒక్కటే. ముందు ముందు నిరూపిస్తాను.

ప్రతిపదార్థం

వాన = వర్షము (అర్థం రాయకపోతే తనిఖీకి వచ్చినాయన సున్నా చుట్టేవాడు, ఆ భయం ఇంకా పోలేదు); ముసురు = తెరిపి లేని సన్నవాన. జల్లు వేరు, జడి వేరు, ముసురు వేరు. జల్లు వచ్చి పోతుంది, జడి వచ్చి కొడుతుంది, ముసురు వచ్చి కూర్చుంటుంది, పనీపాటా లేని చుట్టంలాగ. బంగాళాఖాతంలో అల్పపీడనం అని పేపరువాడు రాసిన రోజున మా ఊళ్ళో బట్టలారవు, అప్పడం కరకరలాడదు, అగ్గిపుల్ల అంటుకోదు. పట్టె = పట్టెను; ఎవరిని అని అడక్కండి, భీమవరం నుంచి సముద్రం దాకా అందర్నీ పట్టింది; వచ్చె = వచ్చెను; మగడు = భర్త.

ఇక్కడ ఆగి ఊరి పేరు చూడాలి. పద్యంలో ఊరు లేదు కదా అంటారేమో. ఉంది. మగడు, మేఘములు అన్న రెండు మాటల మధ్య దాక్కుని ఉంది. మొగల్తూరు అన్న పేరును మా నాయకుడు "మొగలి ఊరు" అని విడగొడతాడు. వ్యాకరణం రాదు కాని మొగలిపొదలకు ఈ ఇసకనేలల్లో కొదవ లేదు, అదీ వానాకాలంలోనే పూస్తుంది. నేనైతే "మొగిలు ఊరు" అంటాను. మొగిలు అంటే అచ్చతెలుగులో మబ్బు. నాయికకు మూడో వ్యుత్పత్తి ఉంది: "మొగుడు ఉన్న ఊరు కాదు మాస్టారూ, మొగుడు వచ్చిపోయే ఊరు." మూడూ అశాస్త్రీయమే. ఆ శనివారం మాత్రం మూడూ వర్తించాయి. బయటివాళ్ళకు ఈ ఊరు కృష్ణంరాజు పుట్టిన ఊరు, చిరంజీవి పుట్టిన ఊరు. ఇద్దరు ధీరోదాత్త నాయకులనిచ్చిన గడ్డ మీద మా నాయకుడు గొడుగు మరిచిపోయి దిగాడు. ప్రతి కాలానికీ దాని నాయకుడు.

రైలు = నరసాపురం ఎక్స్‌ప్రెస్. భీమవరంలో సగం, పాలకొల్లులో ముప్పాతిక దిగిపోగా, మిగిలినవాళ్ళను మోసుకుని చివరి స్టేషన్లో ఉస్సురని ఆగే బండి. ఇక్కడితో పట్టాలు అయిపోతాయి. ఆపైన వశిష్ఠ గోదావరి. అవతలి ఒడ్డు నుంచి, అంటే కోటిపల్లి వైపు నుంచి, ఇక్కడికో రైలుదారి ఏళ్ళ తరబడి వేస్తూనే ఉన్నారు. కోటిపల్లీ నరసాపురమూ ఒకదాన్నొకటి కలుసుకోవడానికి చూస్తున్న ఎదురుచూపు ముందు మా దంపతుల ఎదురుచూపు ఏపాటిది? దిగెను = దిగెను; గొడుగు = ఛత్రము, దీని సంగతి విడిగా; మరచి = మరిచిపోయి; తెల్లవార = తెల్లవారగా. ఇది పచ్చి అబద్ధం. బండి వచ్చేటప్పటికి తెల్లవారి, పాలు పోసేవాడు వెళ్ళిపోయి, ఇడ్లీ ప్లేటు రెండో వాయ నడుస్తోంది. "దిగెను"కు యతి కావాలి, "తెల్లవార" దొరికింది. యతి కోసం కవి సూర్యుణ్ణి కాస్త వెనక్కి నెట్టింది. కవులు అంతకంటే పెద్ద పాపాలు చేశారు.

మిగతా మాటలకు అర్థం అక్కర్లేదు. అన్వయం కావాలి.

అన్వయం

దూరాన్వయం అన్నది పిల్లలకు చెప్పడానికి కష్టమైన సంగతి. ఒక మాట పద్యం మొదట ఉంటుంది, దానితో కలవాల్సిన మాట చివర ఉంటుంది. మధ్యలో ఎన్ని విశేషణాలున్నా వాటిని దాటుకుని ఆ రెంటినీ కలిపి చదవాలి. ఆలంకారికులు దీన్ని దోషాల్లో వేశారు. మా ఊళ్ళో దీన్ని ఉద్యోగం అంటారు.

తర్కసంగ్రహం రాసిన తెలుగువాడు అన్నంభట్టు వాక్యానికి మూడు కావాలన్నాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక మాటకు ఇంకో మాట మీద ఎదురుచూపు ఉండాలి. ఆ రెండు మాటలూ ఒకదానికొకటి తగి ఉండాలి. రెంటినీ ఎడం లేకుండా పలకాలి. ఈ మూడోదానికి ఆయన చెప్పిన ఉదాహరణ నేను పాతికసార్లు పాఠం చెప్పాను గాని, ఈ దంపతులను చూశాకే అర్థమైంది. "ఆవును", "తోలుకురా" అన్న మాటల్ని జాముకొకటి చొప్పున పలికితే అది వాక్యం కాదన్నాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఇక్కణ్ణించి "తిన్నారా" అని వెళుతుంది. అక్కడ మీటింగు. నాలుగింటికి "ఆ, నువ్వో" అని వస్తుంది. ఇక్కడ ఏడో పీరియడు. సాయంత్రం ఏడింటికి "ఎప్పుడో" అని పోతుంది. ఆరు గంటల్లో మూడు మాటలు. ఆకాంక్ష బ్రహ్మాండం. యోగ్యత జాతకాలు చూసే నిర్ణయించారు. లేనిది సన్నిధి.

పూర్వపక్షం: అయితే ఒకరు రెండోవారి చోటికి మారవచ్చు కదా?

సమాధానం: టీచర్ల బదిలీల్లో భార్యాభర్తల పాయింట్లని ఉన్నాయి. అవి ఇద్దరూ సర్కారు కొలువులో ఉన్నవాళ్ళకు. సాఫ్ట్‌వేరు మొగుడికి పాయింట్లు లేవు. పైగా 2014 జూన్ 2 నుంచి హైదరాబాదు పొరుగు రాష్ట్రం. విప్రలంభ శృంగారాన్ని మమ్మటుడు అభిలాష, విరహం, ఈర్ష్య, ప్రవాసం, శాపం అని ఐదుగా విడగొట్టాడు. అందులో మనవాళ్ళది ప్రవాస విప్రలంభం. కాకపోతే 2024 జూన్ 2 దాకా హైదరాబాదు ఉమ్మడి రాజధాని, కనుక అప్పటిదాకా అర్ధ ప్రవాసం. ఆ తర్వాతే లక్షణం పూర్తిగా పట్టింది.

ఇందులో శాపం పాలూ లేకపోలేదు. మేఘసందేశంలో యక్షుడు కొలువులో ఏమరుపాటు చూపితే కుబేరుడు ఏడాది పాటు భార్యకు దూరంగా ఉండమన్నాడు. ఇక్కడ కొలువు బాగా చేస్తున్నందుకే దూరంగా ఉండమన్నారు. కుబేరుడు గడువు చెప్పాడు, ఈ కుబేరుడు చెప్పలేదు. ఒకసారి శాపవిమోచనం కూడా అయింది. 2020 మార్చిలో లోకమంతా తలుపులు వేసుకున్నప్పుడు నాయకుడు లాప్‌టాప్ చంకన పెట్టుకుని మొగల్తూరు వచ్చిపడ్డాడు. రెండేళ్ళు మేడమీద గదిలో కూర్చుని, కొబ్బరాకుల మధ్య నుంచి అమెరికావాడితో మాట్లాడాడు. లోకానికి అది మహమ్మారి. ఆ ఇంటికి మాత్రం అవే పెళ్ళయిన కొత్త రోజులు. ఇలా అనకూడదు, ఆ రెండేళ్ళలో మా వీధిలోనే ముగ్గురిని పోగొట్టుకున్నాం. కాని ఆ అమ్మాయి ఒకసారి ఈ మాటే నాతో అని, అన్నందుకు తనే నాలుక కరుచుకుంది. తర్వాత వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్నారు. మూడు రోజులంటే మిగతా నాలుగు రోజులూ ఇక్కడ ఉండొచ్చని కాదు. ఆ లెక్క ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి.

మనవాళ్ళు ఆషాఢంలో కొత్త దంపతులను విడదీసి, అమ్మాయిని పుట్టింటికి పంపుతారు. యక్షుడికి మబ్బు కనపడిందీ ఆషాఢంలోనే. వీళ్ళకు పన్నెండు నెలలూ ఆషాఢమే. మధ్యలో రెండు రోజుల శ్రావణం వచ్చి పోతుంటుంది.

ఆ రెండు రోజుల లెక్క కూడా చూడాలి. శనివారం పొద్దున దిగి ఆదివారం సాయంత్రం బండెక్కాలి. ముప్పయ్యారు గంటలుండవు. నాయికా భేదం ప్రకారం ఆ పూట ఆవిడ స్వాధీనపతిక కావాలి. కాని పతి వాళ్ళమ్మ స్వాధీనంలో ఉన్నాడు. "చిక్కిపోయావురా నాన్నా" అని ఆవిడ, ప్యాంటు బొత్తాం పట్టని కొడుకును చూసి. లావుగా ఉన్న దేవదత్తుడు పగలు తినడంటే రాత్రి తింటున్నాడని అర్థాపత్తి. హైదరాబాదులో తిండి సరిగా లేదంటున్న ఈ దేవదత్తుడు ఏ వేళప్పుడు ఏం తెప్పించుకుంటున్నాడో నేను బయటపెట్టను. రొయ్యల ఇగురు మీద ఆశపడి వచ్చాడు పాపం. శ్రావణ శనివారం నీచు పొయ్యి ఎక్కదంది వాళ్ళమ్మ. దిబ్బరొట్టీ చెరుకు పానకంతో సరిపెట్టింది. అదీ గ్యాసు అయిపోతే పెరట్లో కొబ్బరి డొక్కల మంట మీద. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇల్లాలు జడివాన రోజుల్లో కళ్ళకు పొగ సోకకుండా కొబ్బరిచిప్పలు రాజేసి వండిందని రాయలవారు చెప్పారు. రాయలకు పొయ్యి సంగతి అంత కచ్చితంగా ఎలా తెలిసిందా అని నాకెప్పుడూ అనుమానం. వీళ్ళ పెరట్లో మాత్రం కళ్ళు మండుతూనే ఉన్నాయి. చిప్పకూ డొక్కకూ అదీ తేడా.

సాయంత్రం మంగలి, బ్యాంకు పాసుబుక్కు, పెదనాన్న పలకరింపు. శనివారం అయిపోయింది. దంపతులు విడిగా మాట్లాడుకున్న మాటలు నాయిక లెక్క ప్రకారం పదకొండు, అందులో నాలుగు దోమతెర గురించి.

మూడో పాదం

"కడలి చూడఁబోయి కనిరి మేఘములనే."

ఆదివారం పొద్దున మిత్రగణం దిగింది. గణమన్నాం కనుక ఒక మాట. ఛందస్సులో మ, న గణాలు మిత్రగణాలు. మగణం మూడూ గురువులే, నగణం మూడూ లఘువులే. మా గణంలో మగణం రొయ్యల చెరువు మిత్రుడు. మనిషీ భారీ, అప్పూ భారీ. నగణం ఆయన భార్య. చేతిలో లేసు సూది, దారపుండ తప్ప వేరే బరువుండదు. మూడోవాడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, మోటారుసైకిలుతో సహా గోదావరి దాటి వచ్చిన అంతర్వేది వాడు, నాయకుడి కాలేజీ స్నేహితుడు. నాలుగో వాణ్ణి నేను. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, పెద్దాయన కూడా వస్తున్నారంటే నాయకుడి తల్లి అడ్డు చెప్పదని.

పేరుపాలెం అరగంట దారి. రెండు పక్కలా రొయ్యల చెరువులు, వాటి మీద ఏరియేటర్లు నీళ్ళు చిమ్ముతూ, పైన వాన కూడా అదే పని చేస్తూ. ముందు సీట్లో మగణం ఫోను వంకే చూస్తున్నాడు. వెనక సీట్లో నగణం చెయ్యి ఆగకుండా లేసు అల్లుతోంది. ఈ పని నరసాపురం వైపు ఆడవాళ్ళకు 1844 ప్రాంతంలో మిషనరీ దంపతులు నేర్పారంటారు. మరియా మీస్ అనే జర్మన్ పండితురాలు వచ్చి, వీళ్ళ కూలీ లెక్కలు చూసి, 1982లో పుస్తకమే వేసింది. మొన్న 2024లో లేసుకు భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కూలీ సంగతి అడిగితే నగణం నవ్వింది. జీపు గుంతలో పడ్డా ఆ వేళ్ళు తప్పు వెయ్యలేదు. "ఇందులో దారం కంటే ఖాళీలే ఎక్కువున్నాయేటమ్మా" అన్నాను ఊరికే. "ఖాళీలు లేకపోతే అది లేసెలా అవుద్దండీ బాబాయిగారూ, గోనెసంచవుద్ది" అంది, తలెత్తకుండా.

దిగాం. సముద్రం లేదు.

ఇది అతిశయోక్తి కాదు. సరుగుడు తోపు దాటాక ఇసక ఉంది, ఇసక తర్వాత ఓ ఇరవై గజాల బురద రంగు నురగ ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. బూడిద రంగు. ఎక్కడ నీళ్ళయిపోయి ఎక్కడ ఆకాశం మొదలైందో చెప్పడానికి గీత లేదు. చప్పుడు మాత్రం ఉంది. అందుకే "మేఘములనే" అన్న ఏకారం. అవధారణార్థకం. మేఘాలను మాత్రమే, ఇంకేమీ కాదు. ఒడ్డున ఫైబరు బోట్లు బోర్లా పడుకుని ఉన్నాయి. వేళాంకణి మాత గుడి దగ్గర ఇద్దరు ముగ్గురు భక్తులు. కార్తీక మాసం ఆదివారాల్లో ఇక్కడ ఇసక వేస్తే రాలదు. ఆ వేళ ఇసక తప్ప మరేం లేదు. రెయిన్‌కోటులో ఒక కానిస్టేబులు విజిలేసుకుంటూ వచ్చి, "లోపలికి దిగొద్దండి, ఇవాళ్టికి ఇక్కణ్ణించే దణ్ణం పెట్టేసుకోండి" అన్నాడు. భక్తుడే.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పద్యంలో నాయిక ఎక్కడుంది? వాన ఉంది, మగడున్నాడు, రైలుంది, గొడుగు రెండుసార్లుంది, కడలి, మేఘాలు, మిత్రులు, అందరూ ఉన్నారు. పద్యం రాసిన మనిషి లేదు. "నేను" లేదు, "సతి" లేదు, "ఇంతి" లేదు. పాదం నిండక ఎందరో కవులు వాడుకున్న "ఇంతి" అన్న మాట కూడా వాడలేదు ఈ అమ్మాయి. నేను పెన్సిలు పట్టుకుని వెతికాను. మొదటి పాదంలో పట్టె, వచ్చె. రెండులో దిగెను. అన్నీ ఏకవచనాలు. నాలుగులో మిగిలె, అదీ ఏకవచనమే. మూడో పాదంలో ఒక్కటే ఒక్క చోట బహువచనం: కనిరి. కర్త లేడు. అధ్యాహారం చేసుకోవాలి. ఎవరు కనిరి? మిత్రులనడానికి వీల్లేదు, వాళ్ళింకా పద్యంలోకి రాలేదు. మగడూ, ఇంకొకరూ. ఆ ఇంకొకరు ఆ క్రియ చివర "రి" అన్న అక్షరంలో ఉన్నారు. పద్యమంతటిలోనూ ఆవిడకున్న చోటు అంతే, ఒక లఘువు.

"ఇది కావాలనే రాశావా అమ్మా?" అని అడిగాను తర్వాత. "గణం సరిపోయింది మాస్టారూ" అంది.

గొడుగు

పద్యంలో గొడుగు రెండుసార్లు వచ్చింది. పునరుక్తి దోషమంటారేమో. కాదు, రెండూ ఒకటి కావు.

మొదటి గొడుగు గురించి మూడు మతాలున్నాయి. అది హైదరాబాదులోనే ఉండిపోయిందని అత్తగారి మతం. బెర్తు కింద వదిలేశాడని నాయిక మతం. అసలు గొడుగే లేదు, నిరుడే విరిగిందని నాయకుడి శూన్యవాదం. "మరచి" అన్నది క్త్వార్థకం, ముందు జరిగిన పనిని చెబుతుంది. మరిచాకే దిగాడు. ఎక్కడ మరిచాడో వ్యాకరణం చెప్పదు. బుధవారం నాడు తేలింది. ఆఫీసులో ఆయన కుర్చీ వీపుకే వేలాడుతోందిట, చీటీ తగిలించి మరీ. ఆ చీటీ "శుక్రవారం తీసుకెళ్ళాలి" అన్న ఆయన దస్తూరీయే. అత్తగారు గెలిచారు.

రెండో గొడుగు నాది. నల్లది, కర్ర పిడి, ఊచలు పదిలంగా ఉన్నది. జీపులో వెతికితే ఆరుగురికీ కలిపి అదొక్కటే తేలింది. నేను దంపతుల చేతికిచ్చాను, ఔచిత్యం తెలిసినవాణ్ణి కదా. "మీకు జలుబు చేస్తుంది మాస్టారూ" అని నాయిక నా చేతికే ఇచ్చింది. నేను నగణానికిచ్చాను. ఆవిడ లేసు తడవకుండా జీపులో పెట్టేసి, "నాకెందుకండీ" అని అంతర్వేది వాడికిచ్చింది. వాడు నాయకుడికిచ్చాడు. గొడుగు ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి ఆరుగురమూ తడిసిపోయాం.

అప్పుడు మగణం ఒక ఉపాయం చేశాడు. గాలి తగలకుండా బోర్లించిన బోటు చాటున ఇసకలో గొడుగు పిడిని బలంగా గుచ్చాడు. "ఫోన్లు ఇటివ్వండి" అన్నాడు. బజ్జీల పొట్లం వచ్చిన పాలిథీన్ సంచిలో ఆరు ఫోన్లూ వేసి, మూతి ముడేసి, గొడుగు కింద పెట్టాడు. పక్కన చెప్పులు వదిలాం. ఇంక తడవడానికి భయం లేదు. నీలం పట్టా కింద బజ్జీలు వేస్తున్న ఆవిడ "ఆయ్, ఇంకో వాయ తెమ్మంటారా" అని కేకేస్తోంది. అంతర్వేది వాడు నురగ అంచు దాకా పోయి కానిస్టేబులు చేత తిట్లు తిని వచ్చాడు.

నేను వెనక్కి తిరిగి చూశాను. ఖాళీ ఇసక మీద నల్ల గొడుగు. దాని కింద ఎవరూ లేరు. చుట్టూ గుండ్రంగా ఓ మూరెడు మేర పొడి ఇసక, ఆ పొడిలో ఆరు ఫోన్లు ఒకదాన్నొకటి ఆనుకుని. ఏడాదంతా ఆ దంపతులను కలిపేవీ అవే, విడదీసేవీ అవే. వాటికి సన్నిధి దొరికింది. మనుషులు వానలో ఉన్నారు. "మిత్రగణము నడుమ మిగిలె గొడుగు" అంటే ఇదీ.

ఎంతసేపలా ఉన్నామో తెలియదు, టైము చూడ్డానికి ఫోను లేదు. బజ్జీలు రెండు వాయలు. తర్వాత గొడుగు మోగింది.

మగణం పరిగెత్తాడు. చెరువు కాపలా కుర్రాడు: కరెంటు పోయింది. మబ్బు పట్టి ఎండ లేని రోజున చెరువు నీళ్ళలో ప్రాణవాయువు అసలే తక్కువ పుడుతుంది. వాననీరు పడితే ఉప్పదనమూ మారుతుంది. ఏరియేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి. డీజిలు జనరేటరు వెంటనే లేవాలి. ఒక్క గంట ఆలస్యమైతే పంటంతా పోవచ్చు. బజ్జీలావిడకు డబ్బులు కూడా జీపులోంచే విసిరినట్టు ఇచ్చి, అందరం చెరువు మీదికి.

ఇక్కణ్ణించి పద్యంలో లేదు. జనరేటరు మొరాయించింది. మగణమూ అంతర్వేది వాడూ హ్యాండిలు తిప్పుతున్నారు. నాయకుడు కాసేపు టార్చి పట్టుకున్నాడు, ఆ టార్చి పట్టుకునే తీరు చూసి వద్దులే అన్నారు. అతను గట్టు మీదికి పోయాడు. వెనకే ఆవిడా వెళ్ళింది. నేను జీపులో ఉన్నాను, అద్దం తుడుచుకుని చూస్తూ. వ్యాఖ్యాతకు సిగ్గుండకూడదు. గట్టు సన్నం, ఇద్దరు పక్కపక్కన నడవడానికి చాలదు, అయినా నడిచారు. మధ్యలో ఆగి అతని కళ్ళజోడు తీసుకుని ఆవిడ కొంగుతో తుడిచింది. కొంగూ తడిసి ముద్దయినదే. కళ్ళజోడు మరింత మసకబారి ఉంటుంది. అది పెట్టుకుని అతను తల ఊపాడు, బాగా కనిపిస్తోందన్నట్టు.

జనరేటరు లేచింది. నీళ్ళు మళ్ళీ చిమ్మడం మొదలైంది.

సాయంత్రం నరసాపురం స్టేషన్లో రైలెక్కించాం. దాని గురించి మూలంలో ఒక్క అక్షరం లేదు. నేనూ చెప్పను. మల్లినాథుడి ఒట్టు ఇక్కడ పాటిస్తున్నాను.

తాత్పర్యం

వాన పడింది. గొడుగుంది. ఎవరూ వేసుకోలేదు.

(పరీక్షలో ఇంతే రాస్తే సగం మార్కులు వేస్తాను.)

గద్య

ఇది శ్రీమద్వశిష్ఠాతీర నారికేళవన రొయ్యతటాక మధ్యవర్తి మొగల్తూరు పురనివాసియు, తొమ్మిదవ తరగతి బాలబాలికా యతిభంగ సంహర్తయు, నల్లగొడుగు నాయకులకిచ్చి తాను తడిసి జలుబు చేసికొన్నవాడునునైన విశ్రాంతాంధ్రోపాధ్యాయునిచే మిరియాల కషాయము త్రాగుచు రచియింపబడిన దూరాన్వయ వ్యాఖ్యానంబునందు ప్రథమ శనివార ప్రకరణము. ద్వితీయ ప్రకరణము వచ్చే నెల రెండవ శనివారమునకు బుక్కు చేయబడి, ప్రస్తుతము వెయిటింగ్ లిస్టు 43లో నున్నది.